నడిచి చూడని దూరం

షాజహాన్ రోడ్డులో సివిల్ సర్వీసు ఇంటర్వ్యూలు జరిగే పాత భవనంలో, గుండ్రటి బల్లల చుట్టూ అభ్యర్థులు కూర్చునే హాలులో భాగీరథి ఖేత్వాల్ తన వంతు కోసం ఎదురుచూస్తోంది. వయోపరిమితి ప్రకారం ఇది ఆమెకు ఆఖరి అవకాశం. ఈసారి తప్పితే ఈ తలుపు ఆమెకు మళ్లీ తెరుచుకోదు. ఏడేళ్లు ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో పనిచేసి, ఆ ఉద్యోగం వదులుకొని, రాతపరీక్షలు దాటి ఇక్కడిదాకా వచ్చింది. పొద్దున ఆమెను కారులో తెచ్చి గేటు దగ్గర దింపినవాడు ఆ సంస్థలో ఆమె పై అధికారిగా ఉన్న అంగద్ సభర్వాల్. ఆమె కోసం ఆమె కొండల్లోని అల్మోడా నుంచి తెప్పించిన బాల్ మిఠాయి డబ్బా వెనక సీటులో ఉంది.

"బయటికి రాగానే తెరుద్దాం భాగీ. రెండే గుర్తుపెట్టుకో. వేళ్ల మీద లెక్కపెట్టకు. కొండ బడుల ఊసెత్తకు," అన్నాడు.

ఫోను లోపలికి రానివ్వరు గనుక దాన్ని ఆయన చేతికే ఇచ్చి ఆమె గేటు దాటింది.

మొదటి హెచ్చరికకు కారణముంది. ఆ సంస్థలో ఏ ప్రశ్నకైనా మూడు అంశాలుగా జవాబు చెప్పడం తప్పనిసరి. ఒకటైతే ఆలోచించలేదంటారు, నాలుగైతే వినేవాడికి గుర్తుండదంటారు. క్రమంగా అది ఒంటికి పట్టింది. బాగేశ్వర్ నుంచి అమ్మ ఫోను చేసి రాత్రి ఏం తిన్నావని అడిగితే, "మూడమ్మా. రొట్టె, పప్పు, పెరుగు" అనేది. "భగులీ, నేను నీ తల్లినే, నీ క్లయింటును కాదు," అని ఆవిడ విసుక్కునేది. రెండో హెచ్చరికను భాగీరథి ఆ క్షణంలో ఆప్యాయతగానే తీసుకుంది. సంస్థతో ఆమె చేసుకున్న గోప్యత ఒప్పందం ఇంకా అమలులో ఉంది. పాత పనుల వివరాలు బయటపెడితే చిక్కులొస్తాయి. అంగద్ ఆమె మేలు కోరేవాడు. ఏడాదిగా ప్రతి ఆదివారం తన భోజనాల బల్ల ముందు కూర్చుని, రిటైరైన కార్యదర్శి పాత్ర తానే వేసి, ఆమెను ప్రశ్నలతో తోమినవాడు.

గంట మోగింది. తెల్ల చొక్కా అటెండరు తలుపు తీసి పట్టుకున్నాడు.

ఆరంభం బాగానే జరిగింది. అధ్యక్షస్థానంలో ఉన్నావిడ ప్రొఫెసర్ ఇందిరా గోహాయిన్, అస్సాం మనిషి, బంగారు రంగు ముగా పట్టు కట్టుకున్నది. "మీ కొండల్లో భట్ పప్పు అంత నల్లగా ఎందుకు వస్తుంది?" అని అడిగింది.

"గింజ నలుపు మేడమ్. ఇనప కడాయి ఇంకాస్త నలుపు చేస్తుంది. మా అమ్మ అయితే, పట్నంలో స్టీలు గిన్నెలో వండితే అది పప్పు కాదు, జ్వరం పథ్యం అంటుంది."

ప్రొఫెసర్ నవ్వింది. భాగీరథి భుజాలు కొంత సడలాయి. అవి మళ్లీ బిగుసుకోవడానికి ఎక్కువ సేపు పట్టలేదు.

ఎడమవైపు కూర్చున్న గుబురు మీసాల పెద్దమనిషి పోలీసు శాఖలో రిటైరైనవాడని మాట తీరే చెబుతోంది. "ఏడేళ్లు ప్రైవేటులో చేశావు. ఇక్కడికొస్తే జీతం ఎంతకు పడిపోతుందో లెక్క చూసుకున్నావా అమ్మా? లేక ఆ లెక్క కూడా ఏ కన్సల్టెంటు చేతనో వేయించావా?"

"చూసుకున్నాను సర్. దానికి మూడు..." అని ఆమె ఆగిపోయింది.

"ఆగకమ్మా, చెప్పేయ్. ముందే మూడన్నావు, ఇప్పుడు చెప్పకపోతే మాకు నిద్ర పట్టదు."

అందరూ నవ్వారు. ఆమె ఒకటే చెప్పింది. మిగతా రెండూ గొంతులో ఉండిపోయాయి.

ఆ పక్కన కూర్చున్న సభ్యురాలు అందుకుంది. "జిల్లా ఆఫీసులో ప్రింటరు చెడిపోతే ఏం చేస్తారు? అక్కడ ఫోను చేయగానే పరుగెత్తుకొచ్చే కుర్రాళ్లు ఉండరు."

"చేత్తో రాస్తాను మేడమ్."

"మీ చేతిరాత ఎవరికైనా అర్థమవుతుందా?"

"రాతపరీక్ష దాటాను కదా మేడమ్."

మళ్లీ నవ్వారు. ఆ నవ్వులో ద్వేషం లేదు. భాగీరథికి ఊపిరాడనివ్వనిది అదే. ద్వేషం ఉంటే ఎదురు చెప్పవచ్చు. ఇక్కడ ఆమె ఏం చెప్పినా అది ముందే తయారై ఉన్న ఒక బొమ్మలోకి వెళ్లి సర్దుకుంటోంది: ఏసీ గది, ల్యాప్‌టాప్, విమానం టికెట్టు. నీటి పన్ను గురించి అడిగారు, ఆమె చెప్పింది. "లాభాపేక్ష చూపు" అన్నారు. ఉద్యోగుల బదిలీల గురించి అడిగారు, చెప్పింది. "కంపెనీ భాష" అన్నారు. ఆ ఏడేళ్లలో అధిక భాగం తాను కూర్చున్నది సర్కారు కార్యాలయాల్లోనేనని, సందర్శకుల పాసు రోజూ కొత్తగా రాయించుకుని, సొంత కుర్చీ లేక ఎవరు సెలవు పెడితే వారి కుర్చీలో కూర్చుని పనిచేశానని చెప్పడానికి చోటు దొరకలేదు. ఎవరూ అడగలేదు. అడగని దానికి జవాబు చెప్పడం ఈ గదిలో నేరం.

అధ్యక్షురాలు కుడివైపు తిరిగింది. "పరాంజపే గారూ, మీరు."

వినాయక్ పరాంజపే పేరు ఎవరూ ఆమెకు చెప్పనక్కరలేదు. విద్యాశాఖ కార్యదర్శిగా చేసి రిటైరైన ఆయన ఫొటోను ఆ శాఖ నాలుగో అంతస్తు వరండాలో ఆమె చాలాకాలం రోజూ చూసింది. మనిషిని ఎదురుగా చూడటం మాత్రం ఇదే మొదలు. ఆయనకు ఆమె ఎవరో తెలిసే అవకాశమే లేదు. ఆయన బల్ల మీదికి కాగితాలు వెళ్లేవి. ఆ కాగితాలు రాసినవాళ్లు వెళ్లేవారు కాదు.

"మిస్ ఖేత్వాల్, మీలాంటి వాళ్లను చాలామందిని చూశాను," అన్నాడాయన. "రంగురంగుల బొమ్మలు గోడ మీద చూపిస్తారు, సాయంత్రానికి ఊరు దాటిపోతారు. మీకు మేనేజ్‌మెంట్ తెలుసు, కాదనను. నేల తెలియదు. కొండల్లో ఇద్దరు పిల్లలున్న ఒక బడిని ఉంచాలా, పక్క బడిలో కలపాలా అన్నది బొమ్మలు తేల్చవు. దానికి మనసు కావాలి. మా శాఖ దాని మీద ఒక నివేదిక తయారుచేసింది. అందులో ఒక వాక్యం నాకు ఇప్పటికీ నోటికి వచ్చు. 'పిల్లలు కరువైన బడి, బడి కాదు. అది తాళం వేయడం మరిచిన గది. అలాంటి గదిని...' అలాంటి గదిని..."

ఆయన కళ్లు మూసుకుని వెతుక్కున్నాడు.

"'...కాపాడటం కన్నా, అందులో మిగిలిన ఇద్దరు బిడ్డలను నిండు తరగతికి చేర్చడమే న్యాయం,'" అంది భాగీరథి.

పెద్దవాళ్ల మాట మధ్యలో ఆగితే మిగతా సగం మెల్లగా అందించడం ఆమె కొలువులో నిత్యం చేసిన పని. అందించాక తల వంచుకుని, ఆ మాట వాళ్లదే అన్నట్టు ఉండిపోవడం కూడా ఆ పనిలో భాగమే. అలవాటు నోరు తెరిపించింది. ఏ గదిలో ఉన్నదీ ఆమెకు ఆ తర్వాత గుర్తొచ్చింది.

పరాంజపే ముఖం వికసించింది. "చదివారన్నమాట! చూశారా మేడమ్, అక్షరం పొల్లుపోలేదు."

ప్రొఫెసర్ గోహాయిన్ నవ్వలేదు. "పరాంజపే గారూ, ఆ నివేదికను విడుదల చేశారా?"

"లేదు. మంత్రివర్గం ముందు పెట్టాం. దాని మీద ఆదేశాలు వచ్చాయి. నివేదికను మాత్రం..." ఆయన ఆగి భాగీరథి వైపు తిరిగాడు. "బయటికి ఇవ్వలేదు."

"అయితే ఈ అమ్మాయి ఎక్కడ చదివింది?"

ఆ ప్రశ్నకు మూడు దారులున్నాయి. పత్రికలో ఎక్కడో చూశానని అబద్ధం చెప్పవచ్చు. ఏ పత్రిక అని అడిగితే అక్కడితో సరి. ఒప్పందం ఉంది, చెప్పలేనని మర్యాదగా తప్పుకోవచ్చు. అప్పుడు అనుమానం గదిలోనే మిగిలిపోతుంది, మార్కుల కాగితం దాకా వెళుతుంది. నిజం చెబితే ఒప్పందం తెగుతుంది. తెగితే తెగింది. అయితే మురిసిపోతూ వాక్యం అప్పజెప్పిన పెద్దమనిషికి అది ఆయనది కాదని నలుగురి ముందు చెప్పినట్టవుతుంది. ఇవన్నీ ఆమె బుద్ధి వరసగా పేర్చింది. కాని ఇందాకటి నుంచి గొంతులో ఉండిపోయినవి చాలా ఉన్నాయి.

"చదవలేదు మేడమ్," అంది. "రాశాను."

"ఏమిటి రాసింది?" అన్నాడు పరాంజపే.

"ఆ నివేదిక సర్. మొత్తం. మీ నాలుగో అంతస్తులో, జెరాక్స్ మిషను పక్కన కూర్చుని. మీరన్న వాక్యం ఒక శనివారం రాశాను. సెలవు రోజని ఏసీ ఆపేశారు. మిషను వేడికి పక్కనే ఉక్కిరిబిక్కిరవుతూ రాశాను, అందుకే గుర్తుంది."

మీసాల పెద్దమనిషి కుర్చీలో కదిలాడు. "అంటే పరాంజపే సాహెబ్, ఇంతసేపూ మీరు ఈ అమ్మాయి పాఠం ఈ అమ్మాయికే ఒప్పజెబుతున్నారన్నమాట."

అధ్యక్షురాలు ఆయన వైపు ఒక చూపు చూసింది. ఆయన గ్లాసు అందుకుని నీళ్లు తాగాడు.

పరాంజపే చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆయన తెలివితక్కువవాడు కాదు, పిరికివాడూ కాదు. తిరిగి మాట్లాడినప్పుడు గొంతులో ఇందాకటి పెద్దరికం లేదు. అంతకన్నా పదునైనదేదో ఉంది.

"సరే. ఒప్పుకుంటాను. రాసేవాళ్లు వేరు, సంతకం పెట్టేవాళ్లు వేరు. సర్కారు అట్లాగే నడుస్తుంది. కాని ఒక మాట చెప్పండి. ఆ నివేదిక మీద బడులు మూశారు. పిల్లలు చదువు మానేశారని నాకు ఊళ్ల నుంచి ఉత్తరాలొచ్చాయి. తిట్లూ వచ్చాయి. వాటికి జవాబులు రాసింది నేను. అప్పుడు మీరెక్కడున్నారు? ఇంకో రాష్ట్రానికి ఇంకో నివేదిక రాస్తున్నారా?"

"మొదట్లో అదే చేస్తున్నాను సర్. తర్వాత కప్‌కోట్ పై కొండల్లో, మా అక్క ఇంట్లో ఉన్నాను."

"సెలవులకా?"

"సెలవులకే వెళ్లాను. మా అక్క కూతురు గుడ్డీకి అప్పుడు ఆరేళ్లు. వాళ్ల ఊరి బడిని అవతలి కొండ మీది బడిలో కలిపారు. పటంలో చూస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. మధ్యలో గధేరా వాగు ఉంది సర్. లోయలోకి దిగాలి, వాగు దాటాలి, అవతలి ఎత్తు ఎక్కాలి. వానలొస్తే ఆ వాగు బండరాళ్లనే దొర్లించుకుపోతుంది, పిల్లలొక లెక్కా? వాళ్ల నాయనమ్మ పంపలేదు. ఒక వానాకాలం మానేసిన పిల్ల మళ్లీ వెళ్లలేదు. నేను వెళ్లేసరికి తనకొచ్చిన నాలుగక్షరాలను తమ్ముడికి నేర్పుతోంది. అందులో రెండు తప్పు. అది చూసి వచ్చి రాజీనామా ఇచ్చాను."

"అంటే," అన్నాడు పరాంజపే మెల్లగా, "మీ వాక్యం మీ ఇంటికే వచ్చింది."

ఆయన క్రూరంగా అనలేదు. అయినా అది తగలవలసిన చోటే తగిలింది. పొద్దుటి నుంచి ఆమె ఓర్చుకున్నదంతా, మూడన్న మాట మీది నవ్వులు, ప్రింటరు, విమానం టికెట్టు, అన్నీ ఆ ఒక్క మాట దగ్గర పోగయ్యాయి.

"నా వాక్యం సగమే వచ్చింది సర్!" గొంతు పెరిగిందని ఆమెకే తెలిసింది. తగ్గించుకోలేదు. "మిగతా సగాన్ని కొట్టేశారు. దాని కిందే ఒక పేరా ఉండేది. అది ఉంటే గుడ్డీ బడి మూసేవాళ్లు కాదు."

"ఏముంది అందులో?" అంది ప్రొఫెసర్ గోహాయిన్.

భాగీరథి గోడ వైపు చూస్తూ చెప్పింది.

"'పటంపై కొలిచిన దూరం పక్షులకు చెందినది. ఏ బడినైనా మూసే ముందు, ఆ ఊరి ఆరేళ్ల బిడ్డ చేయి పట్టుకుని, వానాకాలంలో, కొత్త బడి దాకా ఒక అధికారి నడిచి వెళ్లాలి. నడిచి చూడని దూరం మీద ఆదేశం ఇవ్వరాదు.'"

మీసాల పెద్దమనిషి చేతిలో గ్లాసు అలాగే ఉంది.

ఆమె పరాంజపే వైపు తిరిగింది. ఆ ముఖాన్ని ఎదుర్కొనే రోజు కోసం ఆమె లోపల ఎంతోకాలంగా ఒక కోపాన్ని ఆరనివ్వకుండా కాపాడుకుంది. ఆయన ఏమంటాడో కూడా ఆమెకు తెలుసు: ఆచరణలో కుదరదంటాడు, అంతమంది అధికారులు ఎక్కడున్నారంటాడు. ప్రతి ఆదివారం అంగద్ ఆ పాత్రలో అవే మాటలు అనేవాడు.

పరాంజపే కళ్లజోడు తీశాడు.

"ఇది ఎక్కడిది?" అని అడిగాడు.

"మీకు పంపిన నివేదికలోది సర్."

"కాదమ్మా."

అందులో కోపం లేదు. ఇందాకటి నుంచి "మిస్ ఖేత్వాల్" అంటున్న మనిషి "అమ్మా" అన్న సంగతి ఆయనే గమనించుకోలేదు.

"ఆ నివేదికను నేను ఒకటికి రెండుసార్లు చదివాను. ఆ బడి, గది వాక్యం నోటికొచ్చినవాడికి దాని కింది పేరా కనపడకుండా పోతుందా? నేను త్ర్యంబక్ దగ్గర ఘాట్ కొండల్లో పుట్టాను. బడికి వెళ్లే దారిలో మా నాన్న నన్ను భుజాన వేసుకుని ఏరు దాటించేవాడు. ఇలాంటి మాట నా బల్ల మీదికి వచ్చి ఉంటే కొట్టేసే చేయి నాది కాదు. నా దగ్గరికి ఇది రానే లేదు."

"మీ కార్యాలయమే కొట్టేసిందని చెప్పారు సర్."

"ఎవరు చెప్పారు?"

జవాబు ఆమె నాలుక మీదే ఉంది. అక్కడే ఆగింది.

ఆ చిత్తుప్రతి ఆమె చేతి నుంచి వెళ్లింది ఒక్కరి చేతికే. అంగద్ చదివి, దిద్ది, సంస్థ ముద్ర వేయించి శాఖకు పంపేవాడు. పేరా మాయమైన వారం, ఆ శాఖ క్యాంటీన్‌లో మోమోలు తింటూ ఆయన అన్న మాట ఆమెకు ఇప్పుడు యథాతథంగా వినిపించింది. "పైవాళ్లు కొట్టేశారు భాగీ. ఇంత జంజాటం ఎవడు పడతాడన్నారట. సర్కారు అంతే. అంత కోపముంటే లోపలికి వెళ్లి మార్చు."

గుడ్డీని చూసి వచ్చి రాజీనామా రాసిన రాత్రి ఆమె చెవిలో మోగింది ఆ మాటే. ఆ మాటకే పుస్తకాలు కొన్నది. ఆ మాటకే ఇరుకు గదుల్లో అద్దెకు ఉండి, తనకన్నా పదేళ్లు చిన్నవాళ్ల పక్కన కూర్చుని చదివింది. తనను ఇక్కడికి పంపినవాడు ఆయనే. కొండ బడుల ఊసెత్తకని గేటు దగ్గర చెప్పినవాడూ ఆయనే. ఆ హెచ్చరిక ఎవరిని కాపాడటానికి?

"నా పై అధికారి చెప్పారు సర్," అంది చివరికి.

"ఆయన ఇప్పుడెక్కడున్నారు?" అని ప్రొఫెసర్ అడిగింది.

"మీ గేటు దగ్గర మేడమ్. నా ఫోను పట్టుకుని."

పరాంజపే కళ్లజోడు తిరిగి పెట్టుకున్నాడు. ఎవరి వైపూ చూడలేదు. ప్రొఫెసర్ గోహాయిన్ ఏదో అనబోయి, గడియారం వైపు చూసి, ఎడమవైపు తల ఊపింది. ఇంకొక్క ప్రశ్నకు మాత్రమే వ్యవధి ఉంది.

మీసాల పెద్దమనిషి గ్లాసు కింద పెట్టాడు. ఇందాకటి వేళాకోళం ఆయన గొంతులో లేదు. భాగీరథి ముఖం చూసి, గది బరువు తగ్గించాలని, అందరికన్నా సులువైన ప్రశ్నే ఎంచుకున్నాడు.

"సరేనమ్మా, అదంతా ఉండనీ. ఇంతకూ ఈ సర్వీసులోకి ఎందుకు రావాలనుకుంటున్నావు?"

మొదటి నిమిషంలోనే అడుగుతారని ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. దానికి జవాబు ఆమెకు నిద్రలో లేపినా వస్తుంది. మంచి మాటను కొట్టేసే చేతులు సర్కారు లోపల ఉన్నాయి గనుక. ఆ చేతులను బయటి నుంచి ఆపలేం గనుక. బయట నిలబడి నష్టపోయినవాళ్లకే ఆ సంగతి బాగా తెలుసు గనుక. వేళ్లు చూపకుండా చెప్పడం ఆదివారాలన్నీ సాధన చేసింది. చేయించినవాడు గేటు దగ్గర మిఠాయి డబ్బాతో ఉన్నాడు.

నలుగురూ ఆమె వైపు చూస్తున్నారు.

బల్ల కింద ఆమె బొటనవేలు మొదటి కారణాన్ని లెక్కపెట్టబోయి చూపుడువేలిని తాకింది. అక్కడే ఆగిపోయింది.